అటక మీది కంప్యూటర్

ఆదివారం సాయంత్రం అయిదు దాటితే కంప్యూటర్ల పిచ్చి ఉన్న మా ఆన్‌లైన్ గ్రూపులో వరసగా పోస్టులు పడతాయి. ఎవరి కంప్యూటర్ కాన్ఫిగరేషన్ వాళ్ళు పెడతారు. ప్రాసెసర్ ఏది, మదర్‌బోర్డు ఏది, ర్యామ్ ఎన్ని జీబీలు, గ్రాఫిక్స్ కార్డు ఎంతది, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది, గాలికి ఎన్ని ఫ్యాన్లు బిగించారు, అన్నీ రాస్తారు. చివర్లో క్యాబినెట్ పక్కరేకు ఊడదీసి లోపలి ఫొటో కూడా పెడతారు. పెళ్ళిచూపుల్లో గోత్రం, నక్షత్రం, ఉద్యోగం చెప్పుకున్నట్టే ఉంటుంది. ఉన్నవాళ్ళందరూ తెలుగువాళ్ళే. గుంటూరు, నెల్లూరు, వరంగల్, హైదరాబాదు, ఎక్కడెక్కడివాళ్ళో. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. మెషీన్ని బట్టే మనిషిని గుర్తుపడతాం.

ఆ గ్రూపులో నేను పాతకాపుని. గూడెం కొత్తవీధిలో ఆశ్రమ పాఠశాల పిల్లలకి లెక్కలు చెబుతాను. యాభై ఆరు నిండాయి. పొద్దున్న అసెంబ్లీలో నిలబడితే మోకాళ్ళు సాయంత్రం దాకా గుర్తుచేస్తూనే ఉంటాయి. హాజరు జాబితా, గుడ్ల జాబితా, దుప్పట్ల జాబితా, జ్వరం వచ్చిన పిల్లల జాబితా. నా ఉద్యోగంలో పాఠం తక్కువ, జాబితా ఎక్కువ. ఇన్నిటి మధ్య నా సొంతానికి అనుకున్న జాబితా ఒక్కటే ఉండేది, ఆదివారం నాటిది. అది మిగతా వాటన్నిటికంటే బరువెక్కి కూర్చున్న సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముందు నా అసలు కంప్యూటర్ గురించి చెప్పాలి. నర్సీపట్నంలో ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్, నూట అరవై జీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డు లేదు. క్యాబినెట్ ముందువైపు ఎవరో సినిమా హీరో స్టిక్కరు అంటించి, తర్వాత సగం గీకేశారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని లంబసింగి మలుపులన్నీ దాటించి తెచ్చాను. స్విచ్చి వేసి, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని వస్తే, అప్పటికి తెర వెలిగేది. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోడానికి, మార్కులు కూడుకోడానికి దానితో నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు.

గ్రూపులో చేరిన మొదటి ఆదివారం ఉన్నదున్నట్టు దాని వివరాలే పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక కాలేజీ కుర్రాడు మాత్రం "సార్, ఇది ఇంకా ఆన్ అవుతుందా?" అని అడిగి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. అంతే. అందులో తిట్టు లేదు, చులకన కూడా పెద్దగా లేదు. కానీ నాకు వారమంతా ఆ బొమ్మే కళ్ళముందు తిరిగింది. మరుసటి ఆదివారం వేరే కాన్ఫిగరేషన్ పెట్టాను. పాతది తీసేసి కొత్తది బిగించుకున్నానని రాశాను.

రాసేటప్పుడు అది అబద్ధం అనిపించలేదు. త్వరలో కొంటాను కదా, కొంచెం ముందుగా చెప్పాను, అంతే అనుకున్నాను. ఆ 'త్వరలో' అన్నది రాలేదు. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం పడింది. ఈలోగా నేను జాబితాలో ర్యామ్ పెంచాను, ఎస్‌ఎస్‌డీ పెట్టాను, గ్రాఫిక్స్ కార్డు మార్చాను. లెక్కల మాస్టర్ని కదా, అబద్ధమైనా లెక్క తప్పకూడదు నాకు. ఈ బోర్డుకి ఈ ర్యామ్ నప్పుతుందా, ఈ కార్డు పొడవు ఆ క్యాబినెట్లో పడుతుందా, ఇన్ని పార్టులు కలిస్తే ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుందా అని వారాల తరబడి చదివేవాణ్ణి. లేని మెషీన్లో ఒక్క పొరపాటు దొరికేది కాదు. చూస్తుండగానే జనం నన్ను సలహాలడగడం మొదలుపెట్టారు. "మాస్టారు చెప్పారంటే తిరుగులేదు" అని ఎవరో అన్నారు. ఆ మాట చదువుకుని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఫొటో అడిగితే ఒకటే జవాబు: "ఏజెన్సీ అండీ. సిగ్నల్ లేదు. ఫొటో ఎక్కదు." ఇది సగం నిజమే. మా అద్దె ఇంట్లో వరండా మూల నిలబడితే మాట వెళుతుంది గానీ ఫొటో వెళ్ళదు. రోడ్డు మీద పైమలుపు దాకా నడిస్తే అదీ వెళుతుంది. ఆ మలుపు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. "పాపం, కొండల్లో ఉండి కూడా అంత మెషీన్ మెయింటెయిన్ చేస్తున్నారు" అని మెచ్చుకునేవారు. కొండలు నాకు అలా కలిసొచ్చాయి.

మా ఆవిడకి మొదటినించీ తెలుసు. విజయనగరం పక్క పల్లె ఆవిడది. నాకున్నంత మొహమాటం ఆవిడకి లేదు. ఒక ఆదివారం నేను ఫోన్లో కొత్త ఫ్యాన్ల గురించి రాస్తుంటే వెనకనించి చూసి, "లేని పెట్టికి ఎన్ని ఫేన్లు బిగిత్తారండీ? ఉన్న ఫేను తిరగట్లేదు, దాన్ని సూడండి ముందు" అంది. నిజంగానే హాల్లో ఫ్యాను మూడు నెలలుగా తిరగడం లేదు. నేను వినపడనట్టు నటించాను.

ఒకటి చెప్పాలి. ఉన్న మెషీన్ని నడపడం కంటే లేని మెషీన్ని నడపడం కష్టం. ఉన్నది పాడైతే తెలుస్తుంది. లేనిది ఎప్పుడు పాడవాలో, ఎప్పుడు బాగుపడాలో మనమే చూసుకోవాలి. ఏడాదికోసారి కొత్త తరం ప్రాసెసర్లు వచ్చి పడతాయి. మారకపోతే "ఏం మాస్టారూ, అప్‌గ్రేడ్ లేదా?" అంటారు. మారితే పాతది ఎవరికమ్మారని అడుగుతారు. పోయినేడు ఏం చెప్పానో గుర్తుండక నా పాత పోస్టులు నేనే వెతుక్కునేవాణ్ణి. పైన పటారం, లోన లొటారం అంటారు. నాకు లోన ఆ లొటారం కూడా లేదు. ఒక్కోసారి ఆదివారం వస్తోందంటే జ్వరం వచ్చేముందు ఒళ్ళు నొప్పులు పట్టినట్టు ఉండేది. అయినా సాయంత్రం అయిదయ్యేసరికి వరండా మూలకి వెళ్ళి నిలబడేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఒక వానాకాలం ఎవరో అడిగారు. "మాస్టారూ, మీ దగ్గర తేమ బాగా ఎక్కువ కదా. మెషీన్ని ఎలా కాపాడుకుంటున్నారు?" మంచి ప్రశ్నే. మా దగ్గర వానాకాలం అంటే గోడలు చెమరుస్తాయి, తోలు చెప్పులు ఆకుపచ్చగా బూజెక్కుతాయి, పుస్తకాల పేజీలు అప్పడాల్లా మెత్తబడతాయి. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ మా ఇంటి ఓనరమ్మ వంటింటివైపు చూశాను. మేము అద్దెకుండే వాటాకి ఆనుకునే ఆవిడ పొయ్యి. పొయ్యికి సరిగ్గా పైన వెదురు తడికతో అటక కట్టి ఉంటుంది. దాని మీద మొక్కజొన్న విత్తనాల పొత్తులు, చిక్కుడు గింజలు పోసిన సొరబుర్రలు, చోళ్ళ (రాగుల) మూట. వచ్చే ఏటి విత్తనమంతా ఆ పొగలోనే ఉంటుంది. ఎందుకని నేను కొత్తలో అడిగితే ఆవిడ, "పొగ తగిల్తే పురుగు సేరదు బాబూ. సెగకి సెమ్మ దిగదు" అంది. ఈ కొండల్లో ఏ ఇంట్లో చూసినా అంతే.

అది చూసి నేను గ్రూపులో రాశాను. "వానాకాలం నాలుగు నెలలూ క్యాబినెట్‌ని పొయ్యి మీది అటక మీద పెడతాను. వైర్లు కిందికి దించి మానిటర్‌కి కలుపుతాను. సెగకి తేమ చేరదు. విత్తనాన్ని కాపాడిన చోటు కంప్యూటర్ని కాపాడదా?"

పొగ సంగతేమిటని ఒకాయన అడిగాడు. పైన గుడ్డ కప్పుతానన్నాను.

అన్నన్ని చప్పట్ల బొమ్మలు నా ఏ పోస్టుకీ రాలేదు. కొండ జనం తెలివి అన్నారు, సహజ పద్ధతి అన్నారు. పొగలో కంప్యూటర్ పెడితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. కానీ అక్కడ కంప్యూటరే లేదు కదా. లేనిదానికి మసి ఎలా పడుతుంది? నోరూరుకోక అన్న మాట అది. దాన్ని నిజంగా చేసే మనిషి ఒకరు ఉంటారని నాకు తట్టలేదు. గ్రూపంతా పల్లంవాళ్ళే, గ్యాసు పొయ్యిలవాళ్ళే అనుకున్నాను.

ఒకరు ఉన్నారు. డొంకరాయి డ్యామ్ దగ్గరి ఊళ్ళో ఉండే ఒకామె గ్రూపులో ఎప్పుడు చేరిందో నాకు తెలియదు. ఎప్పుడూ ఏమీ రాసేది కాదు. ఈ ఏడు వేసవి చివర్లో మొదటిసారి ఒక పోస్టు పెట్టింది. "మేస్టారి కాన్ఫిగరేషన్ ప్రకారమే తెప్పించుకున్నాను. ప్రతి పార్టూ అదే." అందరూ ఆమెకి శుభాకాంక్షలు చెప్పి, నన్ను పొగిడారు. ఏ పనికి కొన్నారని నేను అడగాలి కదా, అడగలేదు. తేలు కుట్టిన దొంగలా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

వానలు పట్టిన నెలకి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. మెషీన్ దానంతటదే ఆగిపోతోందట. మొదట రోజుకోసారి, తర్వాత గంటకోసారి. "మీది ఇలాగే ఆగుతోందా మేస్టారూ? మీరేం చేశారు?" అని అడిగింది.

నాది బాగానే నడుస్తోందని రాశాను. ఇంత సులువుగా రాయగలిగానే అని ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది. వోల్టేజీ చూసుకోమన్నాను. స్టెబిలైజర్ పెట్టమన్నాను. ర్యామ్ తీసి మళ్ళీ గుచ్చమన్నాను. చెప్పినవన్నీ చేసింది పాపం, చేశానని ఒక్కోటీ రాసింది. మూడు వారాలు అలా గడిచాయి. అప్పుడు తన పని సంగతి చెప్పింది. ఇదివరకు అక్కడ ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టైపు చేసేదట. ఆ పని అయిపోయి ఆఫీసు ఎత్తేశారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక ప్రెస్సుకి తెలుగు పుస్తకాలు టైపు చేసిస్తోంది. రాతప్రతుల కట్ట బస్సులో వస్తుంది, టైపు చేసిన పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి అదే బస్సు డ్రైవర్ చేతికిస్తుంది. "రెండు కట్టలు ఆగిపోయాయి. నెలాఖరు దాకా చూస్తామన్నారు. అప్పటికీ అవకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఇక్కడ నాకు ఇంకో పని లేదు మేస్టారూ." కింద ఒక ఫొటో వస్తోంది. మా వరండా మూలలో అది పూర్తిగా తెరుచుకోడానికి చాలాసేపు పట్టింది.

పొయ్యి. పొయ్యి మీద వెదురు అటక. అటక మీద క్యాబినెట్. దాని మీద నీలం గళ్ళ గుడ్డ కప్పి ఉంది.

మా ఆవిడ నా భుజం మీదనుంచి చూసింది. "ఈ అటక మాట మీరు రాసిందే గదేటి" అంది. ఔనన్నాను. "ఎల్లండి రేపే" అంది. వెళ్ళి శుభ్రం చేసి వస్తానన్నాను. "మీరు సూసి ఏటి సేత్తారు? మన పెట్టి అట్టుకెళ్ళండి. ఆయమ్మకి టైపు కొట్టుకోడానికి పెట్టి కావాల, మీ పరామర్శ కాదు."

వస్తున్నానని ఆమెకి మెసేజ్ పెట్టి, మర్నాడు సెలవు పెట్టాను. పాత కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, మానిటర్ని అట్టపెట్టెలో పెట్టి, బస్సెక్కాను. కొన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చినట్టే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు దాని బరువు తెలియలేదు. ఇప్పుడు ధారకొండ చేరకముందే మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. సీలేరు దాటాక వాన అందుకుంది. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. పాతది ఒకటి ఇంట్లో ఖాళీగా పడుంది, తాత్కాలికంగా వాడుకోమ్మా అందామనుకున్నాను. మరి నా పెద్ద మెషీన్ ఎందుకు పాడవలేదంటే? మా అటక ఎత్తు ఎక్కువ అందామా? నిజం చెప్పొద్దూ, డొంకరాయిలో దిగేదాకా నేను ఇంకా అబద్ధాలే వెతుక్కుంటున్నాను.

ఆమె బస్సు దగ్గరికి గొడుగు పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠం చెబుతుందట, ఆ నెమ్మదే మాటలోనూ ఉంది. దుప్పటి మూట చూసి, "ఇదేటి మేస్టారూ?" అని అడిగింది. "తర్వాత చెబుతానమ్మా" అన్నాను. ఒక చెయ్యి తనూ వేసి పట్టుకుంది.

ఇల్లు చిన్నది. వంట, పడక అన్నీ ఒకే గదిలో. పొయ్యి దగ్గర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. అటక మీద కంప్యూటర్ తప్ప ఇంకేమీ లేదు. "విత్తనాలెక్కడ పెట్టారు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"దింపీసామండి. దీనికి జాగా సాలలేదు" అంది ఆమె. "మూల పెట్టినాం. పొత్తులకి పురుగు పట్టీసింది."

ఆ ముసలావిడ పుల్లలు లోపలికి తోసి, నావైపు చూడకుండానే, "మిషన్ని పొగలో పెట్టకే అని సెప్పాను. మేస్టారు సెప్పారు, నీకేటి తెలుసు అన్నాది" అంది.

నేను స్టూలెక్కి క్యాబినెట్ దించాను. గుడ్డ తీస్తే చేతికి జిడ్డుగా మసి అంటుకుంది. పక్కరేకు ఊడదీశాం. ఆ లోపల... నేను ఏళ్ళ తరబడి ఒక్కో పార్టూ ఏరి, లెక్కకట్టి, నా జాబితాలో బిగించుకున్న మెషీన్ అది. మొదటిసారి చూస్తున్నాను దాన్ని. ఫ్యాన్ల రెక్కలకి మసి, తాలింపు నూనె ఆవిరి కలిసి నల్లగా పేరుకుపోయాయి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాలిన వాసన. స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

తెచ్చిన బ్రష్షు తీసి శుభ్రం చేయబోయాను. గ్రాఫిక్స్ కార్డు తీస్తేగానీ కింద బ్రష్షు పోదు. లాగాను, రాలేదు. స్క్రూ విప్పాను, రాలేదు. దాని పొడవు ఎన్ని మిల్లీమీటర్లో నాకు తెలుసు, ఎన్ని వాట్లు తాగుతుందో తెలుసు. ఎలా ఊడుతుందో తెలియదు. అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే ఆమె పక్కన కూర్చుని, "ఆ సివర సిన్న నొక్కుడుంటాదండి, అది నొక్కాల" అని వేలితో చూపించింది. నొక్కితే కార్డు దానంతటదే వచ్చేసింది.

ఆమె నా చేతులవైపు చూస్తోంది. "మీది ఎప్పుడూ ఇప్పలేదేటి మేస్టారూ?" అంది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. అదే నన్ను పడగొట్టింది. బస్సులో కూడబలుక్కున్నవన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నాకు లేదమ్మా" అన్నాను. "ఇలాంటిది నాకు ఎప్పుడూ లేదు. అటక మీద పెట్టడం కూడా లేదు. అన్నీ ఊరికే రాశాను. నాకున్నది ఇదొక్కటే." దుప్పటి మూట చూపించాను.

ముసలావిడ పుల్లలు తొయ్యడం ఆపింది. తిడితే బాగుండునని నిజంగా అనిపించింది నాకు. ఆమె తిట్టలేదు.

"అందరివీ సూసేనండి నాను, గ్రూపులో" అంది చివరికి. "ఆళ్ళవి మీ దానికంటే మంచివి గూడా ఉన్నాయి. గానీ అన్నీ పల్లంలో ఉన్నాయి. మీదొక్కటే కొండ మీద ఉన్నాది. మన సెమ్మలో, మన కరెంటుకి అన్నేళ్ళు ఆడిందంటే ఇదే మంచిదని కొన్నాను. రెండేళ్ళ మిరియాలు అమ్మిన డబ్బంతా దీనికే ఎట్టీసాను."

నేను బ్రష్షు కింద పెట్టాను.

"ఆ పాతదాని సంగతి ఎందుకు సెప్పలేదు మరి? టైపు కొట్టుకోడానికి నాకు అదే సాలును గదా."

"సిగ్గేసింది" అన్నాను.

"ఎవురికాడ?"

"గ్రూపులో వాళ్ళ దగ్గర."

"ఆళ్ళు మీకేటవుతారు?"

నేను దుప్పటి మూట విప్పడం మొదలుపెట్టాను.

ఆమె లేచి చేతులు కడుక్కుంది. కిటికీ పక్క బల్ల తుడిచింది. "పెట్టండి బేగి. నెల అయిపోతాంది" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మా పాత పెట్టిని బల్ల మీద పెట్టి వైర్లు తగిలించాను. ఈ పనికి మాత్రం నా చేతులు తడబడలేదు. అది తన పద్ధతిలో నిదానంగా లేచేసరికి ముసలావిడ టీ కాచింది. నాకూ ఒక గ్లాసిచ్చింది. ఆమె తన సీడీ పెట్టి టైపు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. "మా ఆఫీసులో ఉన్నది ఇలాటిదేనండి" అని ఒక పేజీ అక్కడికక్కడే కొట్టేసింది. నేను అంత వేగంగా తెలుగు టైపు చేసేవాళ్ళని ఇంతవరకు చూడలేదు.

చచ్చిన మెషీన్ని నేను తెచ్చుకున్నాను. బాగుచేయించి ఇవ్వడం నా పూచీ అన్నాను. ఆమె సరేనంది. విశాఖలో చూపిస్తే ఎస్‌ఎంపీఎస్, బోర్డు పోయాయన్నారు. మిగతావి శుభ్రం చేస్తే పనికొస్తాయట. అది ఇంకా అక్కడే ఉంది, కొత్త బోర్డు రావాలి. మా ఇంటి ఓనరమ్మని అడిగి ఆవిడ అటక మీది పొత్తుల్లో ఒక జత విత్తనానికని డొంకరాయి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాను. అందాయని ఆమె రాసింది. అంతకుమించి ఒక్క మాట రాయలేదు.

మూడు ఆదివారాలు నేను గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కొందరు పలకరించారు. బాగానే ఉన్నానని కూడా రాయబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళ అలసట ఒకేసారి వచ్చి మీద కూర్చున్నట్టు బడినుంచి రాగానే మంచమెక్కేవాణ్ణి. హాల్లో ఫ్యాను బాగుచేయించాను. అదొక్కటే ఆ నెలలో నేను చేసిన మంచి పని.

పోయిన ఆదివారం సాయంత్రం ఆమె పోస్టు కనిపించింది. ఆనవాయితీ ప్రకారమే పెట్టింది.

"ప్రాసెసర్: డ్యూయల్ కోర్. ర్యామ్: రెండు జీబీ. హార్డ్ డిస్క్: నూట అరవై. గ్రాఫిక్స్ కార్డు: లేదు. ఉండే చోటు: డొంకరాయి, కిటికీ పక్కన బల్ల మీద. పొయ్యి మీద పెట్టకూడదు. వేగం తక్కువ. పని అవుతోంది. ఆగిపోయిన రెండు కట్టలూ పంపేశాను."

కింద ఫొటో. సగం గీకేసిన స్టిక్కరుతో సహా మా పెట్టే. ఎవరిదో, ఎలా వచ్చిందో ఆమె రాయలేదు. నా పేరు ఎత్తలేదు.

పది నిమిషాల్లో ఒక జవాబు పడింది. "ఇది ఇంకా ఆన్ అవుతుందా?" పక్కన నవ్వే బొమ్మ. అప్పటి కాలేజీ కుర్రాడే. ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. అతని వెనక మరో నలుగురు నవ్వారు. పొయ్యి ఏమిటని ఒకరు, మ్యూజియంలో పెట్టమని ఒకరు. ఆఖర్న ఒకాయన నన్ను ఇందులోకి లాగాడు. "మాస్టారూ, ఇలాంటిదాన్ని ఏం చేయమంటారో మీరే చెప్పాలి."

వరండా మూల నిలబడి చాలాసేపు ఆ నవ్వే బొమ్మల్నే చూశాను. అవి ఈసారి ఆమె మీద పడుతున్నాయి. నా సిగ్గు ఆమె మోస్తోంది.

లోపలికి వెళ్ళాను. నా బల్ల మీద కంప్యూటర్ ఉండే చోట దుమ్ము లేని నలుచదరం ఒకటి మిగిలి ఉంది. ఫోన్‌తో దాన్ని ఫొటో తీశాను. కింద రాశాను: "ఆ కంప్యూటర్ నాది. పన్నెండేళ్ళుగా నాకున్నది అదొక్కటే. నేను మీకు చెప్పినవేవీ నా దగ్గర ఎప్పుడూ లేవు. అటక మీద పెట్టానన్నదీ అబద్ధమే. అది నమ్మి ఈమె కొత్త మెషీన్ పాడైపోయింది. ఇది నా ప్రస్తుత కాన్ఫిగరేషన్." పంపితే, ఎప్పటిలాగే చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

మా ఆవిడ టార్చి తెచ్చి చేతిలో పెట్టింది. మోకాళ్ళు పట్టుకుంటూ, ఆగుతూ, పైమలుపు దాకా నడిచాను. మంచు దిగుతోంది. అక్కడ రాతి గోడ మీద కూర్చుని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను.

ఫొటో ఎక్కింది.